శేషాచలం కుడికన్ను

తిరువూరులో వేణుగోపాలస్వామి గుడి సందులో ఎవర్నడిగినా శేషాచలం గురించి ఒకటే మాట చెప్పేవారు. ఆరు నెలలు దేవుడి దగ్గర, ఆరు నెలలు మామిడికాయల దగ్గర అని. నవ్వులాటకి అన్నా అది నిజమే. దసరా నుంచి ఉగాది దాకా గుడిలో అర్చకత్వం ఆయన వంతు. ఉగాది నుంచి మళ్ళీ దసరా దాకా బాబాయి కొడుకు శరత్‌చంద్ర వంతు. తాతల నాటి పంపకం అది. గుడి మాన్యం ఏనాడో కరిగిపోయింది. మిగిలిందల్లా హారతి పళ్ళెంలో పడే చిల్లర, వ్రతాలకీ గృహప్రవేశాలకీ వచ్చే సంభావన. దాంతో ఏడాదంతా నెట్టుకు రావడం ఎవరి తరం? అందుకని ఉగాది వెళ్ళిన మర్నాడే శేషాచలం పంచె మడిచి పక్కన పెట్టి, ప్యాంటు తొడుక్కుని, విస్సన్నపేట రోడ్డులోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేవాడు. డబ్బాల్లో గుజ్జు నింపేచోట ఆయన సూపర్‌వైజరు.

ఫ్యాక్టరీలో ఆయనకి 'మడి సూపర్‌వైజరు' అని పేరు. చేతులు కడుక్కోకుండా డబ్బా ముట్టుకున్నవాడి పని అయిపోయినట్టే. "ఏరా ఏసోబూ, మీ ఇంట్లో గిన్నెలు ఇలాగే కడుగుతారంట్రా? మనుషులు తాగేదిరా అది!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. మధ్యాహ్నానికి ఆ ఏసోబునే పిలిచి తన క్యారేజీలోంచి పులిహోర పెట్టేవాడు. కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగానూ పోయేది. గుళ్ళో చేసేదీ ఇక్కడ చేసేదీ ఒకటేనయ్యా, శుభ్రంగా కడగాలి, వేళకి పెట్టాలి అనేవాడు. అలా ఇరవై ఏళ్ళు సుఖంగానే గడిచాయి.

ఒక సీజను చివర్లో గొట్టాలు కడుగుతుంటే ప్రెషరు పైపు మూతి ఊడి, సూటిగా వచ్చి ఆయన కుడికంటికి కొట్టింది. మనిషి అక్కడికక్కడే కూలబడ్డాడు. విజయవాడలో కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. విచిత్రం ఏమిటంటే, వాపు తగ్గాక పైకి గీత కూడా లేదు. రెప్ప వాలుతోంది, లేస్తోంది. కనుగుడ్డు కదులుతోంది. చూసినవాళ్ళెవరూ ఆ కంటికి ఏదో అయిందనుకోరు. "వెనక నరం చితికిపోయిందండీ. ఇక ఆ కంటికి చూపు రాదు," అన్నాడు డాక్టరు. శేషాచలం భార్య హనుమాయమ్మ గోడకి చేరగిలబడి ఏడ్చింది. శేషాచలానికి మాత్రం కన్ను గుర్తుకు రాలేదు. గుడి గుర్తుకొచ్చింది.

అంగలోపం ఉన్నవాడు మూలవిరాట్టుని తాకకూడదని వాళ్ళింట్లో పట్టింపు. వట్టి మాటగా మిగిలిన పట్టింపు కాదది. వాళ్ళ పెదతాత చెరుకు గానుగలో బొటనవేలు పోగొట్టుకుని, ఆనాటి నుంచి పోయేదాకా గుడి వసారాలో తులసిమాలలు కట్టుకుంటూ కూర్చున్నాడు. లోపల తమ్ముడు పూజ చేస్తుంటే బయటి నుంచి మంత్రం కలిపేవాడట. శేషాచలం చిన్నప్పుడు ఆయన్ని చూశాడు. ఆ ముసలాయన ముఖమే ఆసుపత్రి మంచం మీద కళ్ళముందు నిలబడింది.

మేనేజరు నవదీప్ పలకరించడానికొచ్చాడు. బిల్లు కంపెనీయే కట్టుకుంటుందన్నాడు. కాసేపు నసిగి, "పంతులుగారూ, యాక్సిడెంటు రిజిస్టర్లో రాయాలి. పైవాళ్ళకి పంపాలి కూడా," అన్నాడు.

శేషాచలం అతని చెయ్యి పట్టుకున్నాడు. "బాబ్బాబు, నీకు పుణ్యముంటుంది. కన్ను పోయిందని మాత్రం రాయకు నాయనా. ఊళ్ళో తెలిస్తే నన్ను గర్భగుడి గడప తొక్కనివ్వరు."

నవదీప్‌కి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇన్‌స్పెక్టర్ల గొడవ తప్పింది, తన ఉద్యోగం దక్కింది. అంతకంటే ఏం కావాలి? 'కంట్లో నలక పడింది, ప్రథమ చికిత్స చేశాం' అని రాశారు. కింద శేషాచలం సంతకం చేశాడు. చేసి, నవదీప్‌కి దణ్ణం కూడా పెట్టాడు. లోకంలో ఎవడైనా కన్ను పోతే పోయిందని గోలపెడతాడు. పోలేదని సంతకం పెట్టి దణ్ణం పెట్టినవాణ్ణి ఈయన్నే చూశాం!

అప్పట్నుంచి దొంగకు తేలు కుట్టిన బతుకైంది. గుళ్ళో ప్రతి రాయీ తెలుసు కనక అక్కడ పెద్ద ఇబ్బంది లేదు, తీర్థం పోసేటప్పుడు అంచనా తప్పి రెండు చుక్కలు కింద పడటం తప్ప. బజారులోనే అవస్థ. కుడివైపు నుంచి వచ్చే ఆటో మీదపడేదాకా తెలిసేది కాదు. హనుమాయమ్మ ఎక్కడికెళ్ళినా ఆయన కుడిపక్కనే నడిచేది. "ఏంటి పిన్నిగారూ, ఈ వయసులో కొత్తపెళ్ళికూతురిలా అంటుకుని తిరుగుతున్నారు?" అని పక్కింటి సామ్రాజ్యం ఆటపట్టిస్తే నవ్వేసేది. ఇంటికొచ్చి వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. ఆ సంగతి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకీ, కూతురు అనఘకీ, అటు నవదీప్‌కీ తప్ప ఊళ్ళో మరో మనిషికి తెలీదు.

అలా రెండేళ్ళు రెండుచోట్లా నెట్టుకొచ్చాక ఫ్యాక్టరీయే మూతపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. యజమానులు బ్యాంకులకి కట్టాల్సింది కట్టలేదు, రైతుల కాయకి డబ్బివ్వలేదు, పనివాళ్ళ జీతాలు ఆపేశారు. పూర్వం దివాలా తీసినవాడు నెత్తిన గుడ్డేసుకుని రాత్రికి రాత్రి ఊరొదిలి పోయేవాడు. ఇప్పుడంత శ్రమ లేదు. దానికో చట్టముంది, ఒక కోర్టుంది. ఆ కోర్టు నియమించిన ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి తాళాలు తీసుకున్నాడు. కంపెనీ ఎవరికెంత బాకీ ఉందో వాళ్ళంతా గడువులోగా తనకి అర్జీ పెట్టుకోవాలని పేపర్లో వేయించాడు. ముందు వరసలో బ్యాంకులు. కాయ పోసిన రైతులూ, లారీలవాళ్ళూ, అట్టపెట్టెలవాళ్ళూ వాళ్ళ వెనకాల, ఎంగిలాకుల దగ్గర కూచున్నట్టు కూచోవాలి.

ఆ ప్రకటన అనఘ చూసింది. తిరువూరులోనే డిగ్రీ చదువుతోంది, తండ్రి పోలికే, నోరు ఆగదు. "నాన్నా, వాళ్ళు నీకూ బాకీ ఉన్నారు," అంది.

"రెండు నెలల జీతమేగా. రాసెయ్."

"జీతం గురించి కాదు నేనంటోంది. కన్ను."

"నోర్ముయ్!" అని ఒక్క అరుపు అరిచాడు శేషాచలం. పక్కింట్లో కుక్కరు విజిలు కూడా ఆగిపోయిందేమో అన్నంత నిశ్శబ్దం. కానీ ఆ ఏడు ఉగాదికి వంతు శరత్‌చంద్రకి అప్పగించి ఇంటికొస్తే, మర్నాడు వెళ్ళడానికి ఫ్యాక్టరీ లేదు. ఎరువుల కొట్లో అడిగాడు, మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరగాలన్నారు. రైసుమిల్లులో అడిగాడు, చెల్లి కొడుకుని పెట్టుకున్నామన్నారు. దసరా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేసరికి ఇంట్లో ఉన్న కాస్త బంగారమూ తాకట్టుకి పోయింది. అప్పుడు తనే కూతుర్ని పిలిచి, "నువ్వు చెప్పిన ఆ లాయరమ్మ దగ్గరికి పోదాం పద," అన్నాడు.

లాయరు సుధామయి నెమ్మదైన మనిషి. అంతా విని, "మామూలుగా అయితే నష్టపరిహారం కేసు వేసేవాళ్ళం బాబాయిగారూ. ఇప్పుడు కుదరదు. దివాలా నడిచినంత కాలం కంపెనీ మీద ఎవరూ ఎక్కడా కేసు నడపకూడదు. అందరూ ఆ హైదరాబాదు ఆయనకే పంపుకోవాలి. గడువు దాటినా, ఆలస్యానికి కారణం రాసి పంపుకోవచ్చు," అంది.

"ఎక్కడైనా నుంచోవాలామ్మా? పిలిచి నలుగురిలో అడుగుతారా?"

"లేదండీ. కాగితాలు పంపడమే."

హమ్మయ్య అనుకున్నాడు. ఊళ్ళో కోర్టయితే గుమాస్తా దగ్గర్నుంచి టీకొట్టువాడి దాకా వింటారు. ఎక్కడో హైదరాబాదులో ఎవడో ఫైల్లో పెట్టుకుంటే తిరువూరికెలా తెలుస్తుంది? ఆ ఫైల్లో పెట్టాక ఏం చేస్తారమ్మా అని రెండో ప్రశ్న అడగలేదు మహానుభావుడు. అడిగుంటే ఈ కథే లేదు.

విజయవాడ పెద్దాసుపత్రిలో మెడికల్ బోర్డుకి వెళ్ళేటప్పుడు బస్సు ఎ.కొండూరు దాటేదాకా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. డాక్టర్లు లైటు వేసి చూసి, కుడికంటికి చూపు బొత్తిగా లేదని రాసిచ్చారు. ఆ కాగితం చేతికి రాగానే శేషాచలం ఆసుపత్రి వరండాలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్ను పోయిన ఇన్నాళ్ళకి పోయిందని ఒక పరాయి మనిషి కాగితం మీద ఒప్పుకోవడం అదే మొదలు. అనఘ తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఎనిమిది లక్షల చిల్లరకి అర్జీ వెళ్ళింది.

దసరాకి వంతు మళ్ళీ చేతికొచ్చింది. ధనుర్మాసం వచ్చింది. తెల్లవారకముందే గుడి కిటకిటలాడే రోజులు, ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్ళజూసే రోజులు. ఒకనాటి పొద్దున పొంగలి కోసం జనం మండపంలో కూర్చున్నారు. వాళ్ళలో వెంకటప్పయ్య ఉన్నాడు. పెనుగొలను వైపు పెద్ద మామిడితోట ఆయనది, గుడి కమిటీకి పెద్ద. కంపెనీ ముంచినవాళ్ళలో ఆయనా ఒకడు. పక్కన మనవరాలు రుచిత ఫోన్ చూసుకుంటోంది.

"తాతయ్యా, జ్యూస్ ఫ్యాక్టరీ లిస్టు వెబ్‌సైట్లో పెట్టారు. బాకీవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి."

"ఏదీ, నాది చూడు."

"ఉంది. నువ్వు పద్నాలుగు లక్షలడిగావు, తొమ్మిది ఒప్పుకున్నారు."

"ఒప్పుకోడానికేం, నోటి మాటేగా. ఇచ్చేదెంతంట?"

"అది తర్వాత తేలుస్తారంట."

అంతే, చుట్టూ రైతులు మూగారు. నాది చూడమ్మా అంటే నాది చూడమ్మా అని. బసవపున్నయ్యకి అడిగినదాంట్లో సగమే ఒప్పుకున్నారంటే, "పోన్లేవయ్యా, ఎట్టాగూ రాని డబ్బు సగమైతే ఏంటి, మొత్తమైతే ఏంటి!" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. రుచిత వేలితో జరుపుకుంటూ చదువుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇదేంటి తాతయ్యా, మన పంతులుగారి పేరుంది." ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ, పాపం ఏమీ ఎరగని పిల్ల, మండపమంతా వినపడేలా చదివేసింది. "ప్రమాదంలో కుడికన్ను చూపు పూర్తిగా పోయినందుకు నష్టపరిహారం. కంపెనీ రికార్డుల్లో అలాంటి ప్రమాదం లేదు. వివాదంలో ఉంది. ఒప్పుకున్నది, ఒక రూపాయి."

లోపల శేషాచలం స్వామికి హారతి ఇస్తున్నాడు. ప్రతి మాటా వినపడింది. ఎడమచేత్తో గంట కొడుతూనే ఉన్నాడు. గంట ఆపితే బయటికి రావాలి. బయట ఒక్కరూ మాట్లాడటం లేదు. కర్పూరం అయిపోయింది, ఇంకో బిళ్ళ వేశాడు. అదీ అయిపోయింది. దేవుడి ముందు అంతసేపు అలా ఎప్పుడూ నిలబడలేదు. చివరికి చెయ్యి నొప్పెట్టి గంట దానంతటదే ఆగింది.

అదే రోజు సుధామయి ఫోన్లో చెప్పింది. "తేలని బాకీలకి పేరుకి అలా ఒక రూపాయి వేస్తారు బాబాయిగారూ. రిజిస్టర్లో నలక అని ఉంది, కింద మీ సంతకం ఉంది, వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. కానీ దివాలా కోర్టులోనే అర్జీ వేద్దాం. ఆసుపత్రి కాగితాలున్నాయి, ఆశ ఉంది. ఫ్యాక్టరీని కొత్తవాళ్ళు కొనేలోగా తేలాలంతే. కొన్నాక పాత బాకీ ఏదీ వాళ్ళకి అంటదు."

"లిస్టు ఊరంతా చూసేలా పెడతారని చెప్పలేదేంటమ్మా?"

"మీరు అడగలేదు బాబాయిగారూ," అంది సుధామయి. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. శరత్‌చంద్ర ముందే లేచాడు. "అన్నయ్యా, నీ మీద నాకు పగ లేదు. ఆగమం నేను రాసింది కాదు కదా." పగ లేదన్న మాట నిజమే. ధనుర్మాసం పళ్ళెం మీద ఆశ ఉందన్నదీ నిజమే. అతనికీ పిల్లలున్నారు, ఫీజులున్నాయి.

వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "పంతులుగారూ, ఒక్క మాట. మీ కన్ను అగుపిస్తందా, లేదా?"

కనపడుతుందంటే కేసు పోతుంది, కనపడదంటే గుడి పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"పోనీ నేనో దారి చెప్తాను," అన్నాడు వెంకటప్పయ్య. "కన్ను బానే ఉంది, ఆ అర్జీ పొరపాటున పెట్టాను అని ఒక కాగితం రాసివ్వండి. ఒకటి కమిటీకి, ఒకటి హైదరాబాదుకి. అంతటితో వంతు మీదే. శరత్‌చంద్రా, మళ్ళీ నువ్వు నోరెత్తడానికి లేదు, ఏవయ్యా?"

"రాసిస్తే నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు శరత్‌చంద్ర తల దించుకుని.

"అబద్ధం రాయమంటారా వెంకటప్పయ్యగారూ?" అన్నాడు శేషాచలం.

"ఏం చేస్తాం పంతులుగారూ. నన్ను చూడండి. రేపు కొత్త కంపెనీవాడొస్తాడు. పాత బాకీ నాకు తెలీదంటాడు. అయినా కాయ వాడికే పొయ్యాలి నేను. చెట్టున ఉంచుకుంటే కుళ్ళిపోద్ది. మనకి కావాల్సినట్టు ఏదీ జరగదండీ." కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు. రేపు పొద్దుటి దాకా గడువిచ్చి లేచారు.

ఇంట్లో అనఘ నిప్పులు చెరిగింది. "రాయొద్దు నాన్నా! ఒకసారి రాసినందుకే కదా ఇదంతా! ఈసారి రాస్తే నీ కన్ను నువ్వే రెండోసారి పోగొట్టుకున్నట్టు."

హనుమాయమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. తర్వాత మెల్లగా, "కోర్టులో ఎప్పుడు తేలుతుందో, తేలినా ఇస్తారో లేదో. రేపు పొయ్యి మీద పెట్టేది గుళ్ళోంచి రావాల్సిందే కదే," అంది.

"నా కన్ను పోయిందే!" శేషాచలం లేచి నిలబడి అరిచాడు. "పోయింది! పోయిందని చెప్పుకునే రాత కూడా లేదా నాకు? కంపెనీవాడు పోలేదంటాడు. కోర్టువాడు రూపాయంటాడు. ఊళ్ళోవాళ్ళు నన్నే పోలేదని రాయమంటారు. మరి ఈ చీకటి ఎవడిదే?" కుడికంటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. హనుమాయమ్మ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

సుధామయికి చెబితే ఒకటే మాట అంది. "మీ ఇష్టం బాబాయిగారూ. కానీ ఆ కాగితం వెళ్ళాక ఈ కేసు ఇక ఎవ్వరూ నడపలేరు."

పొద్దున్నే రాశాడు. రెండు కాపీలు. నా కుడికన్ను బాగానే ఉన్నది. అనఘ ఆ కాగితం ముట్టుకోనన్నది, ఆయనే తీసుకెళ్ళి వెంకటప్పయ్య చేతికిచ్చాడు. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "వెళ్ళండి పంతులుగారూ, వేళవుతోంది," అన్నాడు. శేషాచలం కాళ్ళు కడుక్కుని గర్భగుడిలోకి వెళ్ళాడు. అభిషేకం అయింది, అలంకారం అయింది, పాశురం అయింది. ఏ మంత్రం ఎప్పుడు చదివాడో ఆయనకే తెలీదు. స్వామి ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

హారతి అయ్యాక తీర్థం పాత్ర పట్టుకుని గడప దగ్గరికొచ్చాడు. నిన్నటికంటే ఎక్కువమంది వచ్చారు, ఊరు ఊరంతా వరసలో ఉంది. మొదట ఒక ముసలావిడ చెయ్యి చాపింది. ఒంటికంటికి ఎదుటి చెయ్యి ఎంత దూరంలో ఉందో సరిగ్గా అందదు. ఉద్ధరిణి వంచబోయేసరికి ఆవిడ అరచెయ్యి తనంతట తానే పైకి లేచి ఉద్ధరిణి అంచుకి ఆనుకుంది. ఒక్క చుక్క కింద పడలేదు. తర్వాత బసవపున్నయ్య. ఆయన చెయ్యీ అలాగే జరిగి వచ్చింది. ఆ తర్వాత సామ్రాజ్యం, ఆ వెనక ఎవరో పిల్ల, ఎవరో కోడలు. అందరి చేతులూ ఆయన పోసేచోటికే వస్తున్నాయి. ఒక్కరూ మాట్లాడటం లేదు, ఒక్కరూ ఆయన కళ్ళలోకి చూడటం లేదు. ఇన్నేళ్ళూ ఎంత జాగ్రత్తగా దాచాడో, ఇవాళ అంత జాగ్రత్తగా ఊరంతా దాస్తోంది. ఉగాది దాకా, ప్రతి పొద్దునా, ఇన్ని చేతులు. శేషాచలానికి ఉన్నపళాన భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. పాత్ర కింద పెట్టి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళడానికి ఎక్కడా చోటు లేదు.

వెంకటప్పయ్య ముందుకొచ్చాడు. జేబులో ఆ కాగితం ఇంకా కనపడుతోంది. శేషాచలం వంచిన ఉద్ధరిణి పక్కకి పోయింది. వెంకటప్పయ్య రెండు చేతులూ దోసిలి పట్టి దాని కిందకి తెచ్చాడు.

"ఇక్కడుందండి నా చెయ్యి," అన్నాడు మెల్లగా, పక్కవాడికి వినపడకుండా. "పొయ్యండి."

శేషాచలం పోశాడు.